కుంకుమపువ్వు పాలతో ఐరన్ మాత్ర

అయిదో నెల రాగానే మా ఇంట్లో అందరికీ నా ఆరోగ్యం మీద శ్రద్ధ కలిగింది. కచ్చితంగా చెప్పాలంటే, బిడ్డ రంగు మీద.

డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రల స్ట్రిప్పును మా అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ కాకినాడ నుంచి గురుగ్రామ్ వచ్చి అప్పటికి వారం. బాల్కనీలోంచి ఎదుటి టవర్ కూడా కనబడని పొగలో ఆవిడకి స్పష్టంగా కనిపించిన ప్రమాదం అదొక్కటే.

"ఇవి మింగితే పిల్ల నల్లగా పుడుతుందమ్మాయ్. మా తోటికోడలు మింగింది, చూశాం కదా."

"ఎవరత్తయ్యా పుట్టింది?"

"మీ ఆయనకి అన్న వరసలే. మగాడు కాబట్టి నెగ్గుకొచ్చాడు."

మా ఆయన ఆఫీసు కాల్‌ని మ్యూట్‌లో పెట్టి తీర్పు చెప్పాడు. "అమ్మని ఎందుకు బాధపెట్టడం యార్, ఏదో ఒకటి అడ్జస్ట్ చేసెయ్."

చేశాను. రోజూ పొద్దున్నే అత్తగారు స్టీలు గ్లాసులో కుంకుమపువ్వు పాలు ఇచ్చేవారు. ఆ పాలతోనే ఐరన్ మాత్ర మింగేదాన్ని. మాత్ర తెచ్చే నలుపును పాలు కడిగేస్తాయని ఆవిడ, మాత్ర పడిందని నేను, గొడవ లేదని మా ఆయన, అందరం తృప్తిపడ్డాం.

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఈ సంగతి దాచిపెడితే కథ నాకు కాస్త అనుకూలంగా ఉండేది. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కొన్ని వారాలకి మెట్రో మెట్లు సగం ఎక్కి రైలింగు పట్టుకుని నిలబడటం మొదలైంది. ఢిల్లీ గాలి, అన్నారు అందరూ. ఢిల్లీ గాలి మహా సౌకర్యమైనది. ఏ రోగాన్నయినా దాని మీదికి తోసెయ్యొచ్చు.

ఆరో నెల స్కానింగ్‌లో డాక్టరమ్మ తెర వైపు మామూలు కన్నా ఎక్కువసేపు చూసింది. బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందంది. పదకొండైనా ఉండాల్సిన నా హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉంది.

"గోలీ లే రహీ హో?"

రోజూ వేసుకుంటున్నానన్నాను.

"కిస్ కే సాథ్?"

"దూధ్ కే సాథ్," పాలతోనని చెప్పాను.

ఆవిడ నా ఫైలు తెరిచి, చదువు అని ఉన్నచోట నేను రాసింది ఒకసారి చదువుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడే ఆసుపత్రిలో పడుకోబెట్టి ఇనుమును నేరుగా నరంలోకి ఎక్కించారు. అంతకు రెండు రోజుల నుంచీ కడుపులో కదలికలు బాగా తగ్గాయి. ఆ మాట డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని లెక్కపెడుతూ పడుకున్నాను. లెక్క ముందుకు సాగడం లేదు.

అత్తగారి చూపు మాత్రం పైన వేలాడుతున్న సీసా మీద ఉంది. అందులోది ముదురు డికాక్షన్ రంగులో చుక్కచుక్కగా దిగుతోంది.

"అమ్మో, ఇంత నల్లగా ఉందేంటి! తెల్లటిది లేదామ్మా?" అని నర్సుని తెలుగులోనే అడిగారు.

"ఆంటీజీ, ఆప్ బైఠియే," అని కుర్చీ చూపించింది నర్సు.

సీసా సగమయ్యాక లోపల చిన్నగా తట్టినట్టయింది. ఆగి, ఇంకోసారి. గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆడో మగో తేల్చడానికి ఏ పక్కన తన్నిందని అడుగుతారు.

పాప నెల ముందే పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. పది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. అత్తగారు అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, నా దగ్గరికొచ్చి తల నిమిరారు.

"నీ తప్పేం లేదులే అమ్మాయ్. రంగు పాడుచేసింది ఆ సీసానే."

అలా, నేను చెయ్యని తప్పుకి నాకు క్షమ దొరికింది. చేసినదాని గురించి ఇంట్లో ఎవరూ ఇంతవరకూ అడగలేదు.