స్టిగాల్ ఆయిల్ చివరి ప్రెసిడెంటు

దక్షిణ ఓక్లహోమాలో మా బోడెన్ ఊరికి ఉన్న ఒకే ఒక్క ముడినూనె కంపెనీకి ఎవరు ఫోన్ చేసినా, దాదాపు ముప్పై ఏళ్ళపాటు ఒకటే గొంతు పలికింది. "స్టిగాల్ ఆయిల్, చెప్పండి." ఆ గొంతు లియోటా క్రాబ్‌ట్రీది. పత్తి చేలల్లో కూలికెళ్ళే ఇంట్లో పుట్టి, టైపు నేర్చుకుని, పందొమ్మిదేళ్ళకే వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంది. అప్పటికి ఆర్విల్ స్టిగాల్ దగ్గర రెండు నూనె బావులూ ఒక డొక్కు లారీ ఉండేవి. ఆయన కంపెనీ పెరిగింది. ఆమె బల్ల మాత్రం ఆ కిటికీ పక్కనే ఉండిపోయింది.

నేను అక్కడ ట్యాంకరు తోలేవాణ్ణి. నేలలోంచి నూనె ఒక్కటే రాదు, దానితోపాటు సముద్రం కన్నా ఉప్పగా ఉండే నీళ్ళు వస్తాయి. ముసలి బావైతే నూనె గరిటెడు, ఉప్పునీళ్ళు గంగాళమంత. ఆ నీళ్ళు మోసుకెళ్ళి లోతు గోతిలోకి దింపడం నా పని. జీతం చెక్కు లియోటాయే ఇచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు. "ఆ కోటుకు గుండీ కుట్టించుకోవయ్యా, మీ ఆవిడకు సూది దొరకడం లేదా?" అని ఒకటి అంటించి మరీ ఇచ్చేది.

ఆమె మొగుడు ఫ్లాయిడ్. తుప్పుపట్టిన ట్యాంకుల మీద ఇసుక కొట్టి శుభ్రం చేసే పనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. యాభై దాటేసరికి ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. పిల్లల్లేరు. ఆ సిలిండర్లకూ ఆసుపత్రికీ డబ్బు కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి వచ్చేది. లియోటా సంపాదనలో అసలు సంపాదన అదే.

పంతొమ్మిది వందల ఎనభై వచ్చేసరికి నూనె ధర ఆకాశానికెక్కింది. అంతకుముందు ఆర్విల్‌ను గుమ్మంలో నిలబెట్టిన బ్యాంకు వాళ్ళే కార్లేసుకుని మా ఆఫీసుకు వచ్చారు. నేల కింద ఉన్న నూనెనే పూచీగా పెట్టుకుని అప్పిస్తామన్నారు. ఆర్విల్ ఆ అప్పుతో ఒక పెద్ద కంపెనీ వదిలించుకుంటున్న నలభై ముసలి బావులను, ఆ నేలలో నూనె తోడుకునే లీజులతో సహా, మూడింతల ధర పెట్టి కొన్నాడు. ధర ఇలాగే పెరిగితే గరిటెడు నూనె కూడా బంగారమే అని ఆయన లెక్క. ఆ బావులన్నీ ఓటిస్ యాండెల్ అనే రైతు పొలంలోనూ, దాని చుట్టుపక్కలానూ ఉండేవి. వాటిలోపలి ఇనుప గొట్టాలు అప్పటికే చిల్లులు. ఎక్కడ కారుతోందని రైతులు ఫోన్ చేసినా ఎత్తేది లియోటాయే. ఆమె మాకు చెప్పేది, మేం వెళ్ళి ఏదో అతుకు వేసి వచ్చేవాళ్ళం.

ఎనభై ఆరులో ధర మూడో వంతుకు పడిపోయింది. నేల కింద నూనె అంతే ఉంది. దాని విలువ మాత్రం బ్యాంకు కాగితం మీద ఆవిరైపోయింది. తగ్గినంత పూచీ ఇప్పుడే చూపించమన్నారు బ్యాంకు వాళ్ళు. ఆ వసంతంలోనే ఆర్విల్ ఆఫీసు బల్ల మీద తల వాల్చాడు, మళ్ళీ ఎత్తలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది లియోటా.

డాలస్‌లో పడవలమ్ముకునే కొడుకు రెక్స్ వచ్చి ప్రెసిడెంటయ్యాడు. వడ్డీ కట్టడానికి మా తూర్పు బావులు, మాకు అన్నం పెట్టే బావులు, అమ్మేశాడు. తర్వాత ఆఫీసు భవనం అమ్మి, అందులోనే మమ్మల్ని అద్దెకు కూర్చోబెట్టాడు. ఆకులు రాలే కాలానికి విసుగొచ్చింది. "మా నాన్న చేసిన అప్పుకి నేనెందుకు ఏడవాలి?" అని తాళాలు లియోటా బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు బ్యాంకు తన తరఫున హోయల్ అనే ఆయన్ను ప్రెసిడెంటుగా పంపింది. మునిగే కంపెనీలను సర్దడమే ఆయన వృత్తి. గొంతు పెంచేవాడు కాదు. గొంతు పెంచకుండానే సగంమందిని ఇంటికి పంపాడు. కెస్లర్ అనే కొనుగోలుదారును కూడా తెచ్చాడు. కెస్లర్‌కు కావలసినవి మాకు మిగిలిన పంతొమ్మిది మంచి బావులే. ఆ డబ్బంతా బ్యాంకుకు పోతుంది. ముసలి బావులు నలభై మాత్రం పైసా లేని కంపెనీ మెడకు వేలాడతాయి. నూనె అయిపోయిన బావిని అడుగునుంచి పైదాకా సిమెంటుతో పూడ్చాలని చట్టం. పూడ్చకపోతే ఉప్పునీళ్ళు పైకెగదన్ని, మంచినీళ్ళ పొరలో కలుస్తాయి.

ఒకరోజు హోయల్ లియోటాను లోపలికి పిలిచాడు. ఈ మాటలు తర్వాత ఆమె నాతో చెప్పినవే.

"లియోటా గారూ, కూర్చోండి. శుక్రవారం నేను రాజీనామా చేస్తున్నాను. ఆ తర్వాత ప్రెసిడెంటుగా మీ పేరు పెడదామని అనుకున్నాం."

లియోటాకు నవ్వొచ్చింది. "నన్నా? నాకు ఫోనెత్తడం వచ్చు, కాఫీ పెట్టడం వచ్చు."

"సంతకం పెట్టడం వచ్చు కదా. సోమవారం కెస్లర్ అమ్మకం కాగితాలు వస్తాయి. ఎవరో ఒకరు పెట్టాలి."

"ఇన్నాళ్ళూ బేరమాడింది మీరేగా. మీరే పెట్టి వెళ్ళండి."

"నాకు వేరే ఊళ్ళలో వేరే కంపెనీలున్నాయండీ. ఇలాంటి దానిమీద పేరుంటే రేపు ఇబ్బంది."

"మరి నాకు ఇబ్బంది కాదా?"

"మీ దగ్గర పోయేదేముంది?" అన్నాడాయన. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడట. ఆపైన, కెస్లర్ ఆమెనూ మరో నలుగురు పనివాళ్ళనూ ఉంచుకుంటాడని, ఇన్సూరెన్స్ ఆగదని చెప్పాడు. సంతకం లేకపోతే బ్యాంకు తాళం వేస్తుంది. తాళం పడ్డ రోజే ఇన్సూరెన్స్ కూడా ఆఖరు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి సిలిండరు దింపడానికి వెళ్ళాను. ఫ్లాయిడ్ బీన్సూ మొక్కజొన్న రొట్టే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"విన్నావా, మా ఆవిడకు ప్రమోషను," అన్నాడు నాతో. "ఎలకల బోనులో జున్నుముక్క పెట్టినట్టుంది."

"ఆ జున్నుముక్క పేరు ఫ్లాయిడ్," అంది లియోటా, గిన్నెలు కడుగుతూ.

"నాకోసమైతే పెట్టకు లియోటా. ఓటిస్ వాళ్ళ మొహం చర్చిలో ఎలా చూస్తావు?"

"నీ మొహం ఇంట్లో ఎలా చూడను? నీలంగా మారిపోతుంటే నిలబడి చూడనా? చెప్పు, అదీ చెప్పు!" గిన్నె తొట్టిలో దభీమని పడింది. నేను ఖాళీ సిలిండరు భుజానికెత్తుకుని వచ్చేశాను.

లియోటా ప్రెసిడెంటు కావడానికి ఒప్పుకుంది. శుక్రవారం నుంచి తనే ప్రెసిడెంటు కాబట్టి, ఆ రెండు రోజుల సెలవుల్లో ప్రెసిడెంటు చేయగలిగిందంతా చేసింది. బ్యాంకాయన ఇంటికి ఫోన్ చేసి, అమ్మిన డబ్బులో కొంత బావులు పూడ్చడానికి వదలమని బతిమాలింది. కుదరదన్నాడు. రెక్స్‌కు చేసింది. "మీ నాన్న పేరు మీదున్న కంపెనీ బాబూ" అంది. "పేరే కదా, మార్చేసుకో" అని పెట్టేశాడు. చివరికి కెస్లర్‌నే అడిగింది, ఓటిస్ పొలంలోవి ఆరు బావులైనా తీసుకొమ్మని.

"అమ్మా, నేను కొనేది ఆవుల్ని. కళేబరాల్ని కాదు," అన్నాడు కెస్లర్.

సోమవారం ఆమె సంతకం పెట్టింది. చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకొచ్చింది ఆ రోజు. కెస్లర్ పనిలో ఉంచుకున్న నలుగురిలో నేనొకణ్ణి. ఆమెకు థాంక్స్ చెప్పడానికి వెళ్తే, "వద్దు, వెళ్ళి పని చూసుకో," అని మొహం తిప్పుకుంది.

ఊరు ఆమెను మర్యాదగానే వెలేసింది. పలకరింపులు ఆగలేదు, భోజనాలకు పిలుపులు ఆగాయి. పని పోయినవాళ్ళ పెళ్ళాలు కొట్లో ఆమె వెనక "ప్రెసిడెంటు గారు వస్తున్నారు, తప్పుకోండే" అనుకునేవాళ్ళు. ఆమె వినేది. వినపడనట్టు బియ్యం, సబ్బు బుట్టలో వేసుకునేది.

పోనీ, దేనికోసం పెట్టిందో అదైనా నిలిచిందా అంటే, అదీ లేదు. ఏడాది గడిచీ గడవకముందే కెస్లర్ ఆ పంతొమ్మిది బావుల్నీ లాభానికి ఇంకొక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఆ పెద్ద కంపెనీకి బోడెన్‌లో ఆఫీసు అక్కర్లేదు, ఫోనెత్తే మనిషీ అక్కర్లేదు. అందరితోపాటు లియోటాకూ ఉత్తరం వచ్చింది. ఇన్సూరెన్స్ అక్కడితో సరి. ఆమె బడి వంటశాలలో పనికి కుదిరింది. సిలిండర్లు అప్పు మీద తెచ్చింది, తర్వాత చర్చి చందా మీద, తర్వాత ఎవరో చనిపోతే వాళ్ళింట్లో మిగిలినవి అడిగి తెచ్చింది. రెండో చలికాలంలో ఫ్లాయిడ్‌కు న్యుమోనియా వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో గది దొరక్క వరండాలో మంచం వేశారు. అక్కడే పోయాడు.

ఆ తర్వాతి వేసవిలో ఓటిస్ యాండెల్ ఆమె ఇంటి మెట్లెక్కాడు. అప్పుడు నేను ఆమె వరండా పలకలు బాగుచేస్తున్నాను. ఓటిస్ చేతిలో గాజు సీసా, దానినిండా నీళ్ళు.

"సిస్టర్ లియోటా, ఎండగా ఉంది. దాహం వేస్తోందా?"

ఆమె సీసా అందుకుని నోట్లో పోసుకుంది. ఉమ్మేస్తుందనుకున్నాను. మింగేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా ఇంటి బావివి," అన్నాడు ఓటిస్. "ఆవులు మూతి పెట్టడం లేదు. గోధుమ మాడిపోయింది. కెస్లర్ వాళ్ళకు ఫోన్ చేస్తే ఆ నూనె బావులు మావి కావంటారు. బ్యాంకును అడిగితే మావి అసలే కావంటారు. మరి ఎవడివి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"నావి, బ్రదర్ యాండెల్."

"ఏంటి?"

"కంపెనీ ఇంకా ఉంది. నేనే దానికి ప్రెసిడెంటుని. నన్నెవరూ తియ్యలేదు. తియ్యడానికి ఎవరూ మిగల్లేదు."

ఓటిస్ ఒక మెట్టు కిందికి దిగాడు. "అప్పుడు తెలిసే పెట్టావా సంతకం?"

"తెలిసే."

"ఫ్లాయిడ్ కోసం."

"అవును."

"ఫ్లాయిడేమో పోయాడు." సీసా తీసుకుని, మిగిలిన నీళ్ళు మెట్ల పక్కన పారబోశాడు. "నా భూమీ పోయింది, నీ మొగుడూ పోయాడు. ఆ డాలస్ పెద్దమనిషి రెక్స్ మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు."

ఆమెకేం తోచిందో గానీ, లేచి లోపలికెళ్ళి చేతిసంచీ తెచ్చుకుంది. "బ్రదర్ యాండెల్, రేపు ఓక్లహోమా సిటీలో సర్కారు ఆఫీసుకు వెళ్దాం. నువ్వూ రా. నాతో మాట్లాడనక్కర్లేదు."

నా బండిలోనే తీసుకెళ్ళాను. దిక్కులేని బావులు పూడ్చడానికి ప్రభుత్వం దగ్గర ఒక చిన్న నిధి ఉంది. కానీ ఆ బావుల సొంతదారు చేతులెత్తేశాడని తేలాలి. అన్నాళ్ళూ స్టిగాల్ ఆయిల్‌కు పంపిన నోటీసులు అమ్మేసిన భవనానికి వెళ్ళి తిరిగొస్తున్నాయి. లియోటా ఆ రోజు తన ఇంటి చిరునామా రాసిచ్చి విచారణ పెట్టించింది. ఆ విచారణ రోజు అదే నీలం గౌనులో నిలబడింది.

"మీ లాయరు ఎక్కడమ్మా?" అన్నాడు విచారణాధికారి.

"లేడండీ. కంపెనీలో ఉన్నది నేనొక్కదాన్నే."

"ఆ బావులు కారుతున్నాయని తెలిసే వాటిని వదిలేసి మిగతావి అమ్మారా?"

"తెలిసే అమ్మాను. కారుతోందని వచ్చిన ఫోన్లన్నీ ఎత్తింది నేనేగా."

"మీరు అంటున్నది రికార్డవుతోంది. రేపు దీన్నిబట్టి మీమీద ఎవరైనా దావా వెయ్యొచ్చు."

"వేసుకోనివ్వండి," అంది. "ఇలాంటివి చూసుకోవడానికి కంపెనీలో పైన ఎవరో ఉంటారని అందరూ నాతో చెప్పారండీ. పైకెళ్ళి చూస్తే ఎవరూ లేరు. ముందు ఆ బావులు పూడ్చండి."

అధికారి చెప్పినట్టే ఇద్దరు రైతులు దావా వేశారు. ఫ్లాయిడ్ తన చేతులతో కట్టిన ఇల్లు అందులో పోయింది. ఆమె హైవే పక్కన ఒక ట్రైలరు, చక్రాల మీది రేకుల ఇల్లు, అద్దెకు తీసుకుని అక్కడినుంచే బడి వంటశాలకు వెళ్ళేది. ఓటిస్ దావా వెయ్యలేదు. అలాగని క్షమించానని కూడా అనలేదు. హోయల్ పేరు ఏ కాగితంలోనూ రాలేదు. కెస్లర్ లాయర్లను పంపాడు, తను రాలేదు.

నిధిలో డబ్బు తక్కువ. ఏడాదికి అయిదో ఆరో బావులు పూడ్చేవాళ్ళు. ఓటిస్ పొలం వంతు మూడో ఏడు వచ్చింది. అప్పటికే అతను ఆవులన్నిటినీ అమ్మేసి, తాగడానికి నీళ్ళు ఊళ్ళోంచి డ్రమ్ముల్లో మోసుకుంటున్నాడు. బావి పూడ్చినంత మాత్రాన చెడిన నీళ్ళు తియ్యగా మారవు. ఆ నీళ్ళు తేరుకోవడానికి ఒక మనిషి జన్మ పడుతుందని వచ్చిన ఇంజనీరే చెప్పాడు.

సిమెంటు లారీలు వచ్చిన రోజు లియోటా బడికి సెలవు పెట్టి వచ్చింది. కంచె బయటే నిలబడింది. గాలికి బూడిదలాంటి సిమెంటు దుమ్ము లేచి ఆమె జుట్టు మీద పడుతోంది. ఓటిస్ భార్య ఆల్మా ఫ్లాస్కుతో వచ్చి పనివాళ్ళందరికీ కాఫీ పోసింది, నాకూ పోసింది. కంచె దగ్గరకు వెళ్ళి ఒక క్షణం ఆగింది. లియోటా రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. ఆల్మా ఫ్లాస్కు మూత బిగించుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మొదటి బావి నిండింది. పనివాళ్ళు గొట్టం తలను కోసి, ఇనుప పలక వేసి అతికారు. ఇంకా అయిదున్నాయి ఆ పొలంలో. "రేపు ఎన్నింటికి మొదలుపెడతారు?" అని లియోటా వాళ్ళను అడిగింది.