ఆపరేటరమ్మ గారు పోనివ్వని పాత లైను

మా డివిజన్ ఆఫీసులో టెలిఫోను ఆపరేటరుగా చేసి రిటైరైన అమ్మగారు మొన్న పోయారు. అరటి గెల కోస్తుండగా కబురొచ్చింది. కత్తి అక్కడే వదిలేశాను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

మాది గోదావరి మధ్య లంక. వరద రోజుల్లో ఆవిడే పొద్దున్నే మా ఊరికి ఫోను చేసి, నీళ్ళెంతవరకొచ్చాయని అడిగేవారు. అడుగులూ మీటర్లూ మాకేం తెలుసు? "పాల కేంద్రం అరుగు తడిసిందండీ" అంటే చాలు, ఏ పడవ పంపాలో ఆవిడకి తెలిసిపోయేది. ప్రతి లంకకీ ఇలాంటి గుర్తులు ఓ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నారు.

ఇంతలో ఆఫీసు ఫోన్లన్నీ ఇంటర్నెట్టు మీదికి మార్చారు. నేనేదో అర్జీ ఇవ్వడానికి వెళ్ళిన రోజున, మా లంకలకొచ్చే పాత తీగ లైను కూడా తీసెయ్యాలని కొత్త ఆఫీసరు గారు అంటున్నారు.

"ఇంకా ఎందుకండీ ఆ డొక్కు?"

"కరెంటు పోతే మీ ఇంటర్నెట్టు ఈదుకుంటూ వస్తుందాండీ?" అన్నారావిడ.

గదంతా నవ్వింది. ఆ లైనొక్కటీ మిగిలింది.

ఆ ఏడే పెద్ద వరద. ఆఫీసులో కరెంటు పోయి కొత్త ఫోన్లు మూగబోయాయి. పాత లైనుకి ఆ కరెంటుతో పనిలేదు, మా ఊరి తీగా ఇంకా తెగలేదు. పురిటికొచ్చిన మా అమ్మాయికి నెప్పులు మొదలయ్యాయి. పాత నంబరు తిప్పాను.

"అమ్మా, అరుగు ములిగిపోయింది! పిల్లకి నెప్పులమ్మా!"

ఆవిడ పక్కవాళ్ళని కేకేసి పెద్ద పడవ పంపమన్నారు. "మీరు ఫోను పెట్టెయ్యకండి బాబాయ్ గారూ, నేను వింటూనే ఉంటాను" అన్నారు. పడవ వచ్చేదాకా ఆవిడా పెట్టలేదు.

మనవరాలు పుట్టిందండీ! ఊరంతా బెల్లం పంచాను. ఆ పిల్ల నవ్వితే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు తెలీదు. ఆ సంతోషమంతా ఆవిడ పెట్టిన భిక్షే.

ఆవిడ రిటైరైన నెలలోనే ఆ లైను తీసేశారు. నోటు పుస్తకం ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతొకటి, వరదకైతే రెండు నొక్కమంటుంది. నొక్కితే పాట వస్తుంది. లైను మళ్ళీ పెట్టమని ఎన్ని అర్జీలిచ్చినా అవసరం లేదన్నారు. ఇక అడిగే ఓపిక నాకు లేదు.

నిన్న ఆవిడని సాగనంపి, పడవలో పాయ దాటుతున్నాను. కొత్త వరదకి నీళ్ళు ఎర్రబడ్డాయి.

"పొద్దున్న ఇక్కడ గెడకి నేల తగిలిందండీ," అన్నాడు పడవతను. "ఆఫీసుకి చెప్పారా?"

అతను మోచెయ్యి తడిసేదాకా వంగి గెడ దించాడు. నేల తగల్లేదు.