అత్తమ్మ ఎర్రదారం

మొన్న మనవరాలికి బడిసంచీ కొనడానికి మేం పనికోసం వలస వచ్చి స్థిరపడ్డ ఉధ్నాలో ఒక దుకాణానికి వెళ్లాను. అలవాటు చొప్పున సంచీని లోపలివైపు తిరగేసి, కుట్టు మీద బొటనవేలి గోరు ఆనించి చివరిదాకా నడిపించి, భుజం పట్టీ కుట్టిన చోట రెండు చేతులా పట్టి గట్టిగా గుంజేసరికి, దుకాణదారు "మాసీ, లేనా హై యా ఫాడ్నా హై?" అని, కొంటావా చింపుతావా అన్నట్టు, ఒకటే నవ్వు. మనవరాలు సిగ్గుతో నా కొంగు లాగింది. ఏం చేయను చెప్పండి? మన ఈడు వాళ్లకు ఒకసారి చేతికి అబ్బిన పని ఓ పట్టాన పోదు. నాకు ఆ గుంజడం తొంభైలలో, ఇదే ఉధ్నాలో, పాత పారాచూట్లు పరీక్షించే గదిలో అబ్బింది.

మగ్గాల ఊళ్లో పారాచూట్లేమిటని మా చుట్టాలూ నవ్వారు లెండి. మా ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డు మూతబడి, ఆయన కొత్త పని కోసం పక్కనున్న సచిన్ ఊరి దాకా తిరిగి ఉత్త చేతులతో వస్తున్న రోజులవి. మా వీధి చివర పెద్ద గదిలో, సైన్యంలో ఈ పనే చేసి రిటైరైన ఒక పెద్దాయన, సరదాకు విమానాల్లోంచి దూకేవాళ్ల క్లబ్బుల నుంచి వచ్చే పాత రిజర్వ్ పారాచూట్లను విప్పించి, చూసి, మడిచి పంపేవారు. మేమంతా ఆయన్ను మాస్టర్‌గారు అనేవాళ్లం. రిజర్వ్ అంటే రెండోది; విమానంలోంచి దూకిన మనిషికి మొదటిది తెరుచుకోకపోతే ఇక దిక్కు అదొక్కటే. నాకు మిషను కుట్టు వచ్చు కనుక కుట్లు చూడడానికీ కొలతలు తీయడానికీ నన్ను పెట్టుకున్నారు. నేను బతిమాలితే మా అత్తమ్మను కూడా బట్ట పరవడానికీ మడతలకు సాయం పట్టడానికీ తీసుకున్నారు. అప్పట్లో ఇల్లు గడిచింది మా ఇద్దరి రెక్కల మీదే.

మా అత్తమ్మ సిరిసిల్ల వైపు నేతింటి బిడ్డ. మగ్గాల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆవిడకు మెల్లగా మాట్లాడడమే రాకుండా పోయింది. మాస్టర్‌గారి గదిలో సూది పడినా వినబడేంత నిశ్శబ్దం. అందులో ఆవిడ "ఓ పిల్లా, గీ కొస వట్టు జర!" అంటే అందరం ఉలిక్కిపడేవాళ్లం. మాస్టర్‌గారు పెదవుల మీద వేలు పెట్టేవారు, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, కాసేపటికి మళ్లీ అదే కేక.

ఆవిడ చేతిలో మాత్రం ఒక విద్య ఉండేది. షెడ్డులో నేసిన బట్టకు ఎక్కడైనా తప్పు పడితే, నేసినవాడు మాట పడకుండా, సేఠ్ కంట పడకముందే దాన్ని ఆనవాలు లేకుండా కలిపేయడం మా ఆడవాళ్ల పని. అత్తమ్మ కలిపిన చోటును పట్టుకోవడం ఎవరి తరమూ కాదని ఉధ్నా అంతా పేరు. మాస్టర్‌గారి దగ్గర పద్ధతి వేరు. లోపం కనబడితే ముట్టుకోకుండా ఆయనకు చూపించాలి. అత్తమ్మకూ చెప్పాం, తల ఊపింది.

ఒక రోజు, సైజు రాసిన ముద్ర చెరిగిపోయిన తెల్లటి పారాచూటు ఒకటి వచ్చింది. అలాంటివాటిని మేమే కొలిచి, ఎంత బరువు మనిషికి సరిపోతుందో తేల్చాలి. మధ్యాహ్నానికే పంపాలని మాస్టర్‌గారు తొందరపెడుతున్నారు. గొడుగుకు ఉన్నట్టే దానికీ కోసుగా ముక్కలుంటాయి, అన్నీ ఒకే కొలత రావాలి. ఒక ముక్క మాత్రం కింది అంచు దగ్గర వేలెడు తక్కువ వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే. కుట్టు వెంట చూస్తే కంటికి ఏమీ ఆనలేదు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. ఒక్కచోట కుట్టు మెత్తగా తగిలింది. మిషను కుట్టు అంత మెత్తగా ఉండదు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది.

నోరు మూసుకుని మడిచేస్తే ఎవరో ఒకరి ప్రాణం మీదికొస్తుంది. చెబితే అత్తమ్మ పని పోతుంది, నాదీ పోవచ్చు, పైగా అత్తను పట్టిచ్చిన కోడలినవుతాను. అన్నం వేళ డబ్బా విప్పుతూ మెల్లగా అడిగాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది!

"కనవడ్డదా నీకు? అగో, ఎవ్వలకు కనవడదనుకున్న! జరంత కుట్టు ఊడింది, గంతదానికి సాబ్‌ను పరేషాన్ చేసుడెందుకని నేనే బట్ట జర లోపటికి మడిచి కుట్టిన" అంది, మెచ్చుకుంటానేమోనని నా వైపు చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. ఇది కట్టుకునే బట్ట కాదత్తమ్మా, దీనికి మనిషి వేలాడతాడు, నీ దారం ఆ బరువు ఆపుతుందా అన్నాను. ఆవిడ కలిపిన ముద్ద అలాగే డబ్బాలో వదిలేసింది. "ఎవ్వతల్లి కన్న కొడుకో ఏమో" అంటూ లేచి, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లోపలికి నడిచింది.

"సాబ్, వో మైనే సియా! బహూకో మాలూమ్ నహీ థా!"

ఆ గొంతు సంగతి చెప్పాను కదా, గది మాట దేవుడెరుగు, వీధంతా వినబడింది. తానే కుట్టానని ఒప్పుకుని తన పరువు పోతుంటే కూడా, కోడలికి తెలియదని నాకు అడ్డంపడింది, మహాతల్లి.

మాస్టర్‌గారు అరవలేదు. ఆ కుట్టుకు రెండువైపులా పట్టుకొక్కేలు తగిలించి, స్ప్రింగు తక్కెడతో మెల్లగా లాగారు. తట్టుకోవాల్సిన బరువులో సగానికైనా రాలేదు, టపటపా దారం తెగింది. అత్తమ్మ "అవ్వో!" అని నేల మీద కూలబడింది. తన చేతి కుట్టు తెగడం ఆవిడ ఎన్నడూ చూసి ఎరుగదు.

ఇక పని ఊడినట్టేనని నేను డబ్బాలు సర్దుకుంటున్నాను. ఆయన లోపలికి వెళ్లి ఎర్రదారం ఉండ తెచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టారు. అమ్మా, ఇకమీదట లోపం ఎక్కడ కనబడినా దీంతో పెద్ద పెద్ద కుట్లు వేసి వదిలెయ్, నేను గుమ్మంలో నిలబడితే కనబడాలి, అన్నారు. కనబడకుండా కుట్టడమే జన్మంతా నేర్చిన మనిషికి ఆ వయసులో ఎంత కష్టమో చూడండి! "థూ, గింత గలీజు కుట్టా!" అని గొణుక్కునేది, ఆ గొణుగుడూ వీధికి వినబడేది. కానీ తప్పులు దాచిన చెయ్యి కదా, అవి ఎక్కడ దాగుంటాయో ఆ వేళ్లకు తెలుసు. మా కళ్లకు తప్పిపోయినవి ఆవిడకు దొరికేవి. ఆ దూకేవాళ్ల పేర్లూ ఊర్లూ మాకు తెలియవు. అయినా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, వాళ్లు చల్లగా నేల మీద దిగాలని అత్తమ్మ దండం పెట్టుకునేది.

పనికిరాదని తేలిన ఆ పారాచూటును మాస్టర్‌గారు ఎవరూ మళ్లీ వాడకుండా ముక్కలుగా కత్తిరించి మాకే ఇచ్చేశారు. దాంతో అత్తమ్మ ఒక బొంతకు ముసుగు కుట్టింది, అదీ ఆ ఎర్రదారంతోనే.

ఆ గది ఇప్పుడు లేదు. మాస్టర్‌గారూ లేరు, అత్తమ్మా లేదు. ఇక్కడికి దగ్గర్లోనే కామ్‌రేజ్ అనే ఊళ్లో పనిచేసే మా అబ్బాయి, తప్పు చేసినవాణ్ని ఆ పూటే ఇంటికి పంపేస్తున్నారమ్మా అని చెబుతుంటే, ఒళ్లో ఎర్రదారం పెట్టిన ఆ పెద్దాయనకు మనసులో మళ్లీ దండం పెట్టుకుంటాను. ఆ రోజు ఆయన పొమ్మని ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో! అంతకంటే, అత్తమ్మ తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకుని పోయేది.

బడిసంచీ కొన్న రోజే మా కోడలు ఆ బొంతను ఎండలో వేస్తూ, తెల్లబట్ట మీద ఈ ఎర్ర కుట్లు అసహ్యంగా ఉన్నాయి, విప్పించి తెల్లదారంతో కుట్టించనా అని అడిగింది. వద్దు బిడ్డా, మా అత్తమ్మ జన్మంతా కుట్టిన కుట్లలో కంటికి కనబడేవి ఇవే మిగిలాయి, ఉండనీ అన్నాను.