గోటి బియ్యం మూటతో ఖమ్మం నుంచి భద్రాచలం దాకా

శనివారం ఉదయం ఏడింటికి ఖమ్మం ఖిల్లా మెట్ల కింద ఉన్నవాళ్ళం, ఉన్నవి ఇవి: నేను, మా మేనత్త సరోజన, ఆమె భర్త అయిన మా మామ వెంకన్న, రెండు బట్టల సంచులు, నీళ్ళ సీసాలు, కొత్త తెల్ల గుడ్డలో మూటగట్టి, దాని మీద పసుపు గుడ్డ చుట్టిన కిలోంబావు బియ్యం.

యాత్రకు కారణం ఆ బియ్యమే కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి తలంబ్రాల బియ్యాన్ని చాలా ఊళ్ళలో గోటితో ఒలుస్తారు. రోకలి గానీ మిల్లు గానీ తగలకూడదు. ఒక్కో వడ్లగింజను పట్టుకొని గోటితో పొట్టు తీయాలి. విరిగిన గింజ పనికిరాదు. పోయిన వానాకాలం చండ్రుగొండ దగ్గర తమ పొలంలో మామను పాము కరిచింది. దవాఖానాలో చేర్చాక కూడా చాలాసేపు కళ్ళు తెరవలేదు. మనిషి లేచి నడిస్తే కిలోంబావు బియ్యం తన గోళ్ళతోనే ఒలిచి రాముడికి ఇస్తానని అత్తమ్మ అక్కడి వరండాలో నిలబడి మొక్కుకుంది. మామ లేచి నడిచాడు. అత్తమ్మ వడ్లు ముందేసుకొని కూర్చుంది. చలికాలం మొత్తం అదే పని. ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ సగమే ఉంది.

నేను ఖమ్మంలో రోడ్ల కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరును. కళ్ళ పరీక్ష కోసం వాళ్ళిద్దరూ నా గదికి వచ్చారు. నవమికి ముందే బియ్యం అందజేయాలి. శని, ఆది వారాలు నాకు ఖాళీ. అందువల్ల ఖమ్మంలో, భద్రాచలంలో ఉచితంగా చూడగలిగేవి, టికెట్ పెట్టి చూడవలసినవి విడివిడిగా రాసుకొని, వరసగా అన్నీ చూపించి, చివర్లో మొక్కు తీర్చి పంపుదామనుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది మూట నియమాలు. దాన్ని నేల మీద పెట్టకూడదు. చెప్పులు విడిచే చోటికి తేకూడదు. మరుగుదొడ్డికి వెళ్ళేవారి చేతిలో ఉండకూడదు. సామాన్ల గదిలో ఇవ్వకూడదు, అక్కడ ఏ సంచి మీద ఏ సంచి పడుతుందో తెలియదు. ఈ నియమాలన్నీ కలిపితే తేలేది ఒకటే. ఎక్కడికి వెళ్ళినా ముగ్గురిలో ఒకరు బయట కూర్చొని మూటను ఒళ్ళో పెట్టుకోవాలి. వంతుల వారీగా పట్టుకుందామని నేను ప్రతిపాదించాను.

"మీ మామకిస్తే ఏడనో మర్చిపోతడు. నీకిస్తే ఫోన్ జూస్కుంట కూసుంటవ్. నేనే పట్టుకుంట, మీరు జల్దీ పోయి రాండ్రి," అంది అత్తమ్మ. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది.

ఖిల్లా ఉచితం. మేము వెళ్ళినప్పుడు ఎవరూ టికెట్ అడగలేదు. నల్లరాతి గుట్ట మీద కోటగోడలు, బురుజులు, పైన ఒక ఫిరంగి, వాన నీళ్ళు నిలిచే గుంతలు ఉన్నాయి. పొద్దున్నే ఎక్కడం మంచిది, ఎండ ముదిరాక రాయి కాలుతుంది. పై నుంచి ఊరంతా కనిపిస్తుంది. మామ ఫిరంగి గొట్టంలోకి చెయ్యి పెట్టి చూసి, లోపల బిస్కెట్ కవర్లు ఉన్నాయని చెప్పాడు. కింద మొదటి మెట్టు దగ్గర పసుపు గుడ్డ చుక్కలాగా కనిపించింది. మామ దాని వైపు చెయ్యి ఊపాడు. చుక్క కదల్లేదు.

దగ్గర్లోనే పాత మెట్లబావి ఉంది. అదీ ఉచితమే. తర్వాత ఆటోలో లకారం చెరువుకు వెళ్ళాం. అక్కడ టికెట్ ఉంది. నీళ్ళ మీద వేలాడే వంతెన కొంచెం ఊగుతుంది. అత్తమ్మ గేటు బయట చెట్టు కింద కూర్చుంది.

"పైసలిచ్చి ఊగుడేందిరా? ఇంటికాడ మంచం లేదా?" అని మాత్రం అడిగింది.

పదకొండున్నరకు భద్రాచలం బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, మగవాళ్ళకు టికెట్. కండక్టర్ అత్తమ్మ ఒళ్ళోని మూటను చూసి, "గోటి బియ్యమా అమ్మా?" అని అడిగాడు.

"అవ్ బిడ్డా."

"ఎవరికోసం మొక్కినవ్?"

అత్తమ్మ గడ్డంతో మామను చూపించింది. కండక్టర్ మామను కింద నుంచి పైదాకా చూసి, "ఈయనకు మాత్రం ఫుల్ టికెట్," అని చించి ఇచ్చాడు. బస్సులో నవ్వినవాళ్ళలో మామ కూడా ఉన్నాడు.

జూలూరుపాడు దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. ఇప్పపువ్వు రాలే కాలం. చెట్ల కింద నేల ఊడ్చి పెట్టి ఉంది, ఆడవాళ్ళు వంగి పువ్వు ఏరుతున్నారు. కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. రైల్లో వచ్చేవారికి ఒక సూచన: భద్రాచలం రోడ్ అనే స్టేషన్ కొత్తగూడెంలోనే ఉంది. అక్కడ దిగి మళ్ళీ గంటకు పైగా బస్సులో వెళ్ళాలి. స్టేషన్ పేరు చూసి గోదావరి ఎక్కడని అడిగేవాళ్ళు రోజూ ఉంటారని నా పక్కన కూర్చున్న టీచరు చెప్పాడు.

మూడు గంటలకు గోదావరి వంతెన దాటాం. లాడ్జిలో రెండు మంచాల గది దొరికింది. ఒక మంచం మీద అత్తమ్మ, మూట. ఇంకో మంచం మీద మామ. నేను చాప మీద.

సాయంత్రం స్నానఘట్టం ఉచితం, పడవ షికారుకు టికెట్. మామా నేనూ పడవెక్కాం. నీళ్ళు తక్కువగా ఉండి ఇసుక మేటలు బయటపడ్డాయి. పడవలోంచి గుడి గోపురం, మెట్ల మీద పసుపు గుడ్డ రెండూ కనిపించాయి. దిగి వచ్చాక అత్తమ్మను ఒకసారి పడవెక్కమన్నాను, మూట నేను పట్టుకుంటానన్నాను.

"రేపు ఇచ్చినంక చూద్దాం తియ్," అంది.

ఆదివారం పొద్దున్నే తలస్నానాలు చేసి గుడికి వెళ్ళాం. బియ్యం తీసుకునే చోటు పదింటికి తెరుస్తారని చెప్పారు. గంటకు పైగా సమయం ఉంది. దేవుడి పాత నగలు పెట్టిన మ్యూజియం పక్కనే ఉంది, చిన్న టికెట్. అత్తమ్మ రెండు రోజుల్లో ఒక్కటీ చూడలేదని, ఇది దేవుడిదే కాబట్టి చూడాలని గట్టిగా చెప్పాను. మామ కూడా అరుగు మీద కూర్చొని చేతులు చాపాడు.

"గంట సేపు పట్టుకోలేనా? ఇటియ్యి, పోయి రా."

అత్తమ్మ మూటను ఆయన ఒళ్ళో పెట్టింది. ఒకసారి ముడి విప్పి, గింజల మీద చెయ్యి ఆనించి చూసుకొని, మళ్ళీ వదులుగా కట్టింది. వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

లోపల ఆమె ప్రతి అద్దం ముందూ నిలబడింది. ఒక్కో నగ పేరు నన్ను చదవమంది. ఒక పతకం దగ్గర, "గింత చిన్నగున్నదేందిరా? పాటల్ల మస్తు పెద్దగ అనిపిస్తది," అంది. బయటికి వచ్చేటప్పుడు నవ్వుతూ ఉంది. యాత్రలో ఆమె చూసిన మొదటి స్థలం అది.

అరుగు మీద మామ పక్కన ఇంకొకాయన చేరాడు. దమ్మపేట రైతు, పేరు నర్సయ్య. ఇద్దరూ పామాయిల్ తోటల గురించి మాట్లాడుకుంటున్నారు. మామ మాటల మధ్యలో మూటలోకి చెయ్యి పోనిచ్చాడు, పిడికెడు తీశాడు, తల వెనక్కి వంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మా ఊళ్ళో దీన్ని బుక్కడం అంటారు. గింజల దగ్గర కూర్చొని ముచ్చట పెట్టే మనిషి ఎవరైనా చేసే పనే. చెయ్యి దానంతట అదే పోతుంది. నర్సయ్య కూడా నములుతున్నాడు.

అత్తమ్మ ఆగిపోయింది.

"ఏం బుక్కుతున్నవయ్యా?"

మామ నమలడం ఆపాడు. మింగాలా ఉమ్మాలా తెలియక బుగ్గ అలాగే ఉంచాడు. చివరికి మింగాడు.

"చెయ్యి... గట్ల పోయిందే," అన్నాడు.

పరిమాణంలో చూస్తే నష్టం స్వల్పం. నాలుగైదు పిడికిళ్ళు కూడా ఉండవు. అసలు సమస్య ఎంగిలి. నోటికి తగిలిన చెయ్యి మళ్ళీ మూటలోకి పోతే మిగతాదంతా ఎంగిలే, అది దేవుడికి పనికిరాదు. చెయ్యి తగిలిందా లేదా అన్నది తేల్చాలి. సాక్షి నర్సయ్య ఒక్కడే.

"చెయ్యి మూతికి తగల్లేదక్కా. ఎగరేసి బుక్కిండు, నేను జూసిన," అన్నాడాయన.

"నువ్వేంటికి బుక్కినవన్నా?"

"పక్కన మనిషి కూసుంటే ఒక్కడే ఎట్ల తింటడు? పెట్టిండు. ఒక్కసారే."

అత్తమ్మ మామ పెదవుల వైపు చూసింది. కింది పెదవి మీద ఒక గింజ అంటుకొని ఉంది. విచారణ ముగిసింది.

పైన రెండంగుళాల మందం తీసేస్తే అడుగున ఉన్నది శుభ్రంగానే ఉంటుందని నేను చెప్పాను.

"ఎంగిలికి పైన కింద ఉంటదారా? ఏం ఇంజనీరువు?"

"ఇచ్చేకాడ ఎవరికి తెలుస్తదే," అన్నాడు మామ మెల్లగా.

"నాకు తెల్వదా?"

"అయినా అడవిల ఆ ముసలమ్మ కొరికిన పండ్లు తినలేదా రాముడు? ఎంగిలి తిన్న దేవుడే గదా ఆయన."

"ఆమె ఆయన మీద పాణం పెట్టుకొని కొరికింది. నువ్వు పామాయిల్ రేట్ మాట్లాడుకుంట బుక్కినవ్."

అత్తమ్మ అరుగు చివర కూర్చొని గోడకు ఆనుకుంది. ఏడవలేదు. సగం గోరున్న వేలిని చీరకు తుడుచుకుంటూ ఉంది. ఎవరి ప్రాణం కోసం ఒలిచిందో ఆ మనిషే ఎదురుగా నిలబడి ఉన్నాడు, కడుపులో ఆ బియ్యంతో. పది దాటింది. బియ్యం తీసుకునే చోట వరస మొదలైంది. పడవ మాట నేను ఎత్తలేదు.

నర్సయ్య కనిపించకుండా పోయి, భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె పేరు పద్మ. దమ్మపేట నుంచి పదిమంది ఆడవాళ్ళు తమ బియ్యం తెచ్చారు, దారిలో ఒలవడానికి తెచ్చిన వడ్లు ఇంకా మిగిలాయి.

"అక్కా, మా ఆయన గూడ బుక్కిండంట," అంది పద్మ. "ఏం జేద్దాం, మనిషికో గోతం కట్టిచ్చినా గంతే, చెయ్యి ఊకోదు. ఇగో, ఈ వడ్లు పెట్టుకో."

అత్తమ్మ కొంగు పట్టింది. రెండు దోసిళ్ళు పడ్డాయి. ఆమె చేతులు కడుక్కొని వచ్చి మంటపం నీడలో కూర్చొని ఒలవడం మొదలుపెట్టింది. పద్మ సాయం చేయబోతే వద్దంది, మొక్కు తనది. నేను చూస్తూ కూర్చున్నాను. కొన ఒకవైపు గిల్లి, పొట్టును వెనక్కి వంచి, గింజను జార్చాలి. ఆమె వేళ్ళ వైపు చూడకుండానే చేస్తుంది. కౌంటరు మూసే వేళకు అరచేయి గుంటలో పట్టేంత బియ్యం అయింది. కిలోంబావు ముందు అది ఏ లెక్కలోకీ రాదు. దాన్నే కొంగు చివర కట్టుకొని వరసలో నిలబడింది. తీసుకునే మనిషి పళ్ళెం చాపాడు, ఆమె పోసింది, దండం పెట్టింది. అంతే సమయం పట్టింది.

తిరిగొచ్చి, మిగిలిన వడ్లు మామ కండువాలో పోసింది.

"ఇవేంటికే?"

"మొక్కు మిగిలింది గదా. మొత్తం అయిందాంక నువ్వే ఒలువు. పాణం నీది, గోర్లు గూడ నీవే పెట్టు."

"కిలోంబావా?"

"వచ్చే నవమి దాంక టైమున్నది. ఎంగిలి బియ్యం ఇంటికాడ నీకే వండి పెడత, తినుకుంట ఒలువు."

రెండున్నరకు తిరుగు బస్సు. వాళ్ళిద్దరూ కొత్తగూడెంలో దిగి చండ్రుగొండ వెళ్ళాలి, నేను ఖమ్మం దాకా వెళ్ళాలి. ఈ రెండు ఊళ్ళు చూడదలచినవారు రెండు రోజులు పెట్టుకుంటే చాలు. ఖిల్లా, మెట్లబావి, స్నానఘట్టం ఉచితం. చెరువు, పడవ, మ్యూజియం టికెట్ మీద. టికెట్లు పెద్ద ధరలేమీ కావు. అన్నిటిలోకీ ఏది బాగుందని అత్తమ్మను అడిగాను. మ్యూజియం బాగుందని చెప్పింది. ఆమె చూసింది అదొక్కటే.

మామ కిటికీ పక్కన కూర్చొని, కండువా ఒళ్ళో పరుచుకొని, ఒక గింజ తీశాడు. బస్సు కుదుపుకు జారిపోయింది. ఇంకొకటి తీశాడు. గోరు పట్టు దొరకలేదు. మూడోది ఒలిచాడు, మధ్యకు విరిగింది.

"ఇరిగిందే."

"పారెయ్. ఇంకోటి అందుకో," అంది అత్తమ్మ, ముందు వైపే చూస్తూ.

పాల్వంచ దగ్గర మామ ఆగి, తన బొటనవేలు చూసుకున్నాడు. గోటి కింద ఎర్రబడింది. నా వైపు వంగి, "అల్లుడా, కిలోంబావుల ఎన్ని గింజలుంటయిరా?" అని అడిగాడు. ఒక గ్రాముకు సుమారుగా యాభై వేసి, అరవై వేల పైన ఉంటాయని చెప్పాను. ఆయన కాసేపు అత్తమ్మ చేతుల వైపు చూశాడు. ఆమె నిద్రపోతోంది. కండువా సర్దుకొని, వెలుతురు వైపు తిరిగి, మళ్ళీ ఒకటి అందుకున్నాడు.

కొత్తగూడెం వచ్చేసరికి మామ ఒలిచినవి పందొమ్మిది. విరగనివి ఆరు.