నా దిగులు తగ్గించిన తీరు

నా చేతులకు తామర రావడానికి వంకాయే కారణమని మా అత్తగారి నమ్మకం. వంకాయ మాన్పించారు, గోంగూర మాన్పించారు, కొల్లేటి ఒడ్డున కాపురం చేస్తూ చేప ముక్క కూడా మాన్పించారు. చప్పిడి పత్యంతో నాలుక చచ్చిపోయింది గానీ వేళ్ల సందుల్లో దురద చావలేదు. గోకితే రసి కారేది, గోకకపోతే ప్రాణం పోయేది.

కారణం వంకాయ కాదని నాకు తెలుసు. పంతొమ్మిది వందల ముప్పైలలో ఒక వానాకాలం, కొల్లేరు పొంగి మా ఊరి చుట్టూ నీళ్లు నిలిచినప్పుడు, నా మొదటి బిడ్డ జ్వరంతో పోయాడు. ఏలూరు తీసుకెళ్దామంటే ఆ గాలివానలో దోనె కదలలేదు. తరువాత ఆడపిల్ల పుట్టింది. దానికి ఏడాది దాటాక మళ్లీ ముసురు పట్టేసరికి నాకు పిచ్చి భయం పట్టుకుంది. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. పొయ్యి మీద అన్నం వదిలేసి వెళ్లి మరీ చూసేదాన్ని. చేతులు పొక్కడం అప్పుడే మొదలైంది.

కొల్లేటి ముంపు నీళ్లు తీశాక అత్తగారు నన్ను ఏలూరులో ఒక డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ నా చేతులు తిప్పి చూసి, ఇంటి సంగతులన్నీ అడిగింది.

"ఇది అంటుకునే జబ్బు కాదండీ. ఈ అమ్మాయికి దిగులు ఎక్కువైంది, అదే చర్మం మీద తేలింది. మందు ఇస్తాను గానీ, ముందు మనసు మీద బరువు తగ్గాలి. కంటినిండా నిద్రపోవాలి."

"నేను చూసుకుంటానండీ," అన్నారు అత్తగారు.

చూసుకున్నారు కూడా. ఆ రోజుల్లో కోడలిని కూర్చోబెట్టి మేపే అత్త మా చుట్టుపక్కల ఇంకొకరు లేరు. మొదట వంటిల్లు తప్పించారు, తరువాత బావి దగ్గర పని తప్పించారు. ఆ పైన బరువుల్లోకెల్లా పెద్ద బరువు ఏదో ఆలోచించి, నా పక్కలోంచి పిల్లను ఎత్తుకెళ్లారు.

"నీ దిగులంతా దీని గురించే కదమ్మా. పాలు మాన్పించే ఈడే కదా, నా దగ్గర పడుకుంటుందిలే. నువ్వు హాయిగా ఉండు."

వద్దని అనలేకపోయాను. అంటే, అదిగో మళ్లీ దిగులు పడుతోందంటారు. ఖాళీ చేతులతో అరుగు మీద కూర్చుంటే దురద రెట్టింపైంది. నా ఏడుపు చూసి ఆవిడ మరీ కంగారుపడి, నీళ్లకు దూరంగా ఉంటే కుదుటపడతానని నన్ను తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి పంపించారు. పిల్లను వెంట పంపలేదు. మా ఆయన మాత్రం ఏమంటారు?

"అమ్మ నీ మంచికేగా చెప్తోంది," అన్నారు.

మంచికి పోతే చెడు ఎదురైందంటారు. పోనీ ఆవిడ గయ్యాళి అయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది.

పుట్టింట్లో మొదట్లో ఏడ్చాను. తరువాత నిద్ర పట్టసాగింది. ఊపిరి చూడాల్సిన బిడ్డ పక్కన లేదు గనుక ఒళ్లు తన పని తాను చూసుకుంది. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే పొరలు ఊడి కొత్త చర్మం వచ్చింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం నా ఒంటి మీదే కోపం వచ్చింది. బిడ్డను వదిలి మానిపోవడానికి దానికి సిగ్గు లేదా అనిపించింది.

వేసవిలో నన్ను తిరిగి తీసుకొచ్చారు. బండి దిగేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. నడక వచ్చింది, మాటలు వచ్చాయి. చేతులు చాచాను. అది చటుక్కున అత్తగారి చీర వెనక్కి వెళ్లింది.

"అమ్మా, ఎవలో వచ్చాలు," అంది ఆవిడతో.

అత్తగారి ముఖం పాలిపోయింది.

"నేను నాయనమ్మను తల్లీ. అదుగో, ఆవిడే మీ అమ్మ. అమ్మా అని పిలువు."

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ తలూపాక నా వైపు తిరిగి, అమ్మా అంది.