అన్నం బండి

గంగవ్వ చేతివంట ఒక్కసారి తిన్నవాడు ఆమెను మర్చిపోడు, తిట్టుకోవడానికైనా సరే. కారం అంత దట్టిస్తుంది మహాతల్లి. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల సందు చివర ఆమె మెస్సు. కోరుట్ల పక్క పల్లె నుంచి, మగ్గం పనికి వచ్చిన లింగమూర్తి వెంట కడుపు చేత పట్టుకుని వచ్చింది. ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో ఉండి లింగమూర్తి చెవులు పోయాయి. చెవుల వెంటే పనీ పోయింది. అప్పుడు గరిటె పట్టింది గంగవ్వ. ఆయన కూరలు కోస్తే, ఆమె వండితే, మరిది పరుశురాం టెంపో నడుపుతాడు. ఆ ఇంట్లో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే కాబట్టి వాళ్ల రహస్యాలన్నీ సందుకు తెలిసినవే.

పోయిన ఏడాది వాళ్లకో పెద్ద గిరాకీ తగిలింది. సూరత్‌కు తూర్పున గుట్టల్లో, ఖాఖర్‌పాడ అనే ఊరి పైన, ఓ కంపెనీ గ్యాసు కోసం బోరు వేస్తోంది. రిగ్గు మీద పని చేసేవాళ్లు సగం మంది గోదావరి జిల్లాల వాళ్లు. రొట్టెలు తినలేక అల్లాడుతుంటే వాళ్ల సూపర్‌వైజరు శివకృష్ణ వెతుక్కుంటూ వచ్చి గంగవ్వను పట్టుకున్నాడు. ఆమె పచ్చిపులుసును వాళ్లు వెక్కిరించారు, వెక్కిరిస్తూనే రెండోసారి పోయించుకున్నారు.

ఇబ్బందల్లా దారిలో ఉంది. బోరు వేస్తున్న చోటే ఆ ఊరి వాగు పుడుతుంది. కింద ఎన్నో పల్లెలు ఆ నీళ్లే తాగుతాయి. రిగ్గు దగ్గర తవ్విన బురదగుంతలోని, బోరుకు వాడే మందునీళ్లు వానకు పొంగితే నేరుగా వాగులోకే. అందుకని ఊరి ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కట్టి, టెంటు వేసుకుని కూర్చున్నారు. లారీని పోనివ్వరు, కంపెనీ జీపును పోనివ్వరు. ఛగన్‌భాయ్ పాలబండినీ, గంగవ్వ అన్నం బండినీ మాత్రం వదిలేవారు. కడుపులోకి పోయేదాన్ని ఆపితే పాపమని వాళ్లలో పెద్దావిడ రేవలీబేన్ మొదటిరోజే తేల్చేసింది. గుజరాతీ కూడా కాని ఏదో కొండమాట ఆమెది. గంగవ్వకు మాత్రం అది సొంత ఊరి తెలుగులాగే వినబడేది.

ఎండాకాలంలో ఆ ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమ తోడి, చిప్పతో నీళ్లు ముంచుకోవడం చూసి గంగవ్వ బండి దిగిపోయింది. తన చిన్నప్పటి పనే అది. రేవలీబేన్ ఒక చిప్పెడు నీళ్లిచ్చింది. కొబ్బరినీళ్లలా ఉన్నాయని చెప్పి మరో చిప్ప అడిగింది గంగవ్వ. అప్పటి నుంచీ వస్తూ పోతూ కాసేపు ఆగి, కోడళ్ల మీద చాడీలు చెప్పుకోవడం ఇద్దరికీ అలవాటైంది.

ఇంతలో రిగ్గు ఆగిపోయింది. రాయిని తొలిచే ఇనుప బిట్టు అరిగిపోయింది. కొత్తది సూరత్‌లోనే ఉంది కాని తాడు దాటి పైకి పోవాలి కదా. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే కంపెనీవాళ్లే విసిగి మూటాముల్లె సర్దుకుంటారని ఊళ్లో ఆశ. ఒకరోజు తెల్లవారుతుండగా, లింగమూర్తి కూరల మార్కెట్‌కు పోయిన సమయం చూసి, శివకృష్ణ కారులో మెస్సుకు వచ్చాడు. డిక్కీలో గోనెసంచి చుట్టిన బిట్టు ఉంది.

"అన్నం గంజుల ఇనుము పెడ్తరా బిడ్డా?" అంది గంగవ్వ.

"ఈ ఒక్కసారికి, పిన్నిగారూ. రిగ్గు తిరక్కపోతే మేము ఇంటికి, మీరూ ఇంటికే."

 చెవులు వినబడని మొగుడూ, ఈ టెంపో, ఈ మెస్సూ అన్నీ ఆ రిగ్గు మీదే నిలబడి ఉన్నాయి. వాళ్ల లొల్లి మనకెందుకు వదినె, మనం అన్నం అమ్ముకునేటోళ్లం అన్నాడు పరుశురాం.  గంగవ్వ పెద్ద గంజు అడుగున బిట్టు పెట్టి, పైన అరిటాకులు పరిచి, తన చేత్తోనే అన్నం కుమ్మరించింది.

ఆ ముందురోజే వాన పడింది. సరిగ్గా టెంటు ముందుకొచ్చి బండి బురదలో దిగబడింది. పరుశురాం ఎంత రేజ్ ఇచ్చినా చక్రం అక్కడే తిరుగుతోంది. టెంటులో ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రేవలీబేన్ చీర ఎగ్గట్టి భుజం ఆనించింది. "ఏం వండినవే గంగా, రాళ్లా?" అంది. అందరూ నవ్వారు. గంగవ్వ కూడా నవ్వింది. ఐలేసా అని తోసి బండిని ఒడ్డున పడేశారు. మోకాళ్ల దాకా బురదతో నిలబడి, చేతులూపి సాగనంపారు.

మర్నాటి నుంచి గుట్ట మీద రిగ్గు గర్జించసాగింది. మీ చలవే పిన్నిగారూ అన్నాడు శివకృష్ణ.  గంగవ్వ మొగుడికి చెప్పుకుని ఏడుద్దామన్నా అరిచి చెప్పాలి. అరిస్తే సందంతా వింటుంది. కడుపులోనే పెట్టుకుంది. కళ్లు మూస్తే బిట్టు కనబడేది కాదు, తన నవ్వు వినబడేది. ఆ ఒక్క నవ్వు నవ్వకుండా ఉంటే ఇంత పాపం ఉండేది కాదేమో అనుకునేది పిచ్చిది.

ఊరివాళ్లేమీ అమాయకులు కాదు. ఎవరో మోసం చేసి సామాను చేరవేశారని పసిగట్టారు. అన్నాన్ని అనుమానించడం వాళ్లకు చేతకాలేదు. ఇక మిగిలింది ఛగన్. ఊరందరి దగ్గరా పాలు పోయించుకుని కొన్ని కంపెనీకి కూడా అమ్ముతాడాయె. ఊరు ఒక్కమాట మీద ఉండి అతనికి పాలు పోయడం మానేసింది. అతని పెళ్లాన్ని చెలిమ దగ్గరికి రానివ్వలేదు. ఒకనాడు గంగవ్వ టెంటు ముందు బండి ఆపేసరికి, ఛగన్ ఖాళీ క్యాన్ల పక్కన నిలబడి అందరినీ బతిమాలుతున్నాడు.

"పాలల్ల నీళ్లు కలిపిన, ఒప్పుకుంట. నీళ్లల్ల విషం కలుపుతనా?"

 అతను క్యాన్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఎంతమాట అన్నాడు చూడండి. గుమ్మడికాయల దొంగకు భుజాలు తడుముకునే తీరికైనా ఉంటుంది, గంగవ్వకు అదీ లేకపోయింది. పోనీ వదినె, పోదాం అని పరుశురాం గొణుగుతూనే ఉన్నాడు. ఆమె బండి దిగింది. రేవలీబేన్ పక్కకు జరిగి, కూర్చోమని చాప మీద చోటు చూపింది.

గంగవ్వ కూర్చోలేదు. వచ్చిన భాషలన్నీ కలిపి, నిలబడే చెప్పింది. "ఛగన్ తేలే. నేను తెచ్చిన. అన్నం కింద పెట్టి తెచ్చిన. బండి దిగవడ్డ నాడు."

 గుట్ట మీది మోత ఒక్కటే వినబడుతోంది. జుట్టు పట్టుకుని కొడతారని సిద్ధపడే బండి దిగింది గంగవ్వ. కొడితే బాగుండుననే ఉంది ఆమెకు. రేవలీబేన్ మాత్రం తన భుజాన్ని చేత్తో తడుముకుంది.

"అయితే తోసింది మేమే గద," అంది.

తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, ఆ రోజు బండి తోసినవాళ్లంతా లేవండి, ఛగన్ ఇంటికి పోయి తప్పయిందని చెప్పి వద్దాం అంది. ఒక్కొక్కరే లేచారు. నేనూ వస్తానంటూ గంగవ్వ కదలబోయింది. రేవలీబేన్ ఆమె మొహం వైపు చూడనైనా చూడలేదు.

"అన్నం సల్లారుతది. నువ్వు పో."

అని తనే వెళ్లి తాడు విప్పింది. గంగవ్వ బండెక్కి కొంగు నోట్లో కుక్కుకుంది. ఛగన్ ఇంటికీ రిగ్గుకూ కొంతదూరం ఒకటే దారి. వెనక బండి చప్పుడు విని ఆ ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు.