తుమ్ముకో గీత

మా లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్లకి ‘ఒక్కనిమిషం’ అని పేరు పెట్టింది నేనే. ఏ పని చెప్పినా “ఒక్క నిమిషం పెద్దమ్మా” అనేది. ఆ నిమిషం ఏనాడూ పావుగంటకి తగ్గింది లేదు. కానీ ఇస్త్రీపెట్టె పట్టిందంటే దాని చేతికి వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదు. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లూ, దిండు గలీబులూ దాని బల్ల దాటేసరికి కొత్త కాగితాల్లా ఉండేవి. ఇదంతా రాయమని అడిగింది కూడా అదే. “నీకు నోరుంది, నాకు లేదు, నువ్వే రాయి” అంది. నా చదువు మూడో తరగతితో సరి. అక్షరాలు వంకరపోతే పోతాయి గానీ అబద్ధం మాత్రం రాయను.

నా పని మరకలు తీయడం. ముప్ఫై ఆరేళ్ళుగా అదే పని. చూడగానే అది టీయో, నూనెయో, తుప్పో చెప్పేస్తాను. మా యజమాని కొడుకు ఓసారి నన్ను పరీక్షిద్దామని గుడ్డ మీద ఏదో ఒలకబోసి తెచ్చాడు. “నీ మీసాలకి వేసుకునే రంగు కదూ?” అన్నాను. మళ్ళీ నా జోలికి రాలేదు.

అలాంటిదాన్ని, ఒక్కనిమిషం బల్ల కింద గంపలో గలీబు మీద ఎర్రటి జిగట మరక చూస్తే ఊరుకుంటానా? సోమవారం ఒకటి, బుధవారం రెండు. దగ్గుమందు. దగ్గు లేని మనిషికి దగ్గుమందెందుకు? పైగా దానికి అప్పుడు ఐదో నెల. గంపలో చెయ్యి పెట్టి కెలికితే గలీబుల అడుగున ఏడు సీసాలు దొరికాయి. మూడు ఖాళీవి.

“ఏమే, కడుపులో బిడ్డకి గాని దగ్గొచ్చిందా?” అన్నాను.

‘ఒక్క నిమిషం’ అనలేదు. అప్పుడు వేసింది నాకు భయం.

రెండేళ్ళ కిందట జలుబు చేసి తాగిందట. ఆ రోజు నడుం నొప్పి కూడా తెలియలేదట. రోజుకి పది గంటలు నిలబడి ఇస్త్రీ చేసేదానికి అంతకంటే ఏం కావాలి? చెంచా మూతయింది, మూత సీసా అయింది, ఇప్పుడు రోజుకి రెండు సీసాలు. తాగకపోతే ఒళ్ళు వణుకుతుందట.

“మా ఆయనకి తెలీదు పెద్దమ్మా. ఆస్పత్రిలో చెబితే బిడ్డని లాక్కుంటారేమో. ఎవరికీ చెప్పనని మాటివ్వు” అని నా చెయ్యి పట్టుకుంది.

మాట ఇచ్చాను. సీసాలు మాత్రం ఇవ్వలేదు. అన్నీ తూములో పోసేశాను.

దాని మొగుడు మా లాండ్రీ వ్యాను డ్రైవరే. వాడితో “నీ పెళ్ళానికి నడుం పట్టేసింది, రెండ్రోజులు నా దగ్గరుంచుకుని కాపడం పెడతాను” అని చెప్పాను. అమాయకుడు, తలూపాడు. ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాటికి దానికి ముక్కు కారడం, వాంతులు, కాళ్ళు గుంజడం మొదలయ్యాయి. “పోతోందే, విషమంతా పోతోంది, ఓర్చుకో” అని నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నా అంత వైద్యురాలు లేదనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం దాని పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది.

దాని మొగుణ్ణి పిలిపించి, వ్యానులో మురికి బట్టల మూటల మీద దాన్ని పడుకోబెట్టాం. అది మూటల మీద నుంచే మొగుడికి అంతా చెప్పేసింది. వాడు స్టీరింగు మీద తల పెట్టి ఏడవబోయాడు.

“ముందు బండి నడుపు, ఏడవడానికి ఆస్పత్రిలో బెంచీలున్నాయి!” అని కసిరాను.

అక్కడ కళ్ళజోడు మెళ్ళో వేలాడేసుకున్న పొట్టి నర్సు బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టుంది. మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది.

ఒక్కనిమిషం చెప్పిందంతా విని, “మందు ఆపించిందెవరు?” అంది నర్సు.

“నేనే” అన్నాను, మెళ్ళో దండ వేస్తారన్నట్టు నిటారుగా నిలబడి.

“కడుపుతో ఉన్న మనిషికి ఇలాంటి మందు ఉన్నపళంగా ఆపించకూడదమ్మా. బిడ్డకి ప్రమాదం. దీనికి బదులు మాత్ర ఉంటుంది, డాక్టరుగారు చూసి ఎంత వేసుకోవాలో చెప్తారు. మెల్లగా దారిలో పెట్టాలి.”

మరకని ఒక్కసారిగా బరబరా రుద్దితే మరకతోపాటు గుడ్డా పోతుంది, నానబెట్టు, నీళ్ళు మార్చు, మళ్ళీ నానబెట్టు అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ హ్యాంగరుతో బెదిరించి మరీ నేర్పించేదాన్ని నేను. గుడ్డకిచ్చిన మర్యాద పిల్లకివ్వలేదు.

“బిడ్డని తీసుకెళ్ళిపోతారా?” అని మంచం మీద నుంచి ఒక్కనిమిషం అడిగింది.

“మేమున్నది మీ ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపడానికే పిల్లా. నువ్వు రోజూ రా, నిజం చెప్పు. అది చాలు” అంది నర్సు.

ఆ రోజు నుంచి పొద్దున్నే మొగుడు వ్యానులో దింపేవాడు. నర్సు ఎదుటే నాలుక కింద మాత్ర పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. నాకైతే ఆ వైద్యం పడేది కాదు.

బుధవారాలు ఇలాంటి ఆడవాళ్ళంతా ఆస్పత్రి వెనక గదిలో కూర్చుని మాట్లాడుకునేవారు. సారా మానుతున్న వంటమనిషి, నిద్రమాత్రలు మానుతున్న టీచరమ్మ, అలా ఏడుగురు. నేను తోడొచ్చినదాన్నని ముందే గట్టిగా చెప్పి, తలుపు పక్క కుర్చీలో దర్జాగా కూర్చున్నాను.

“మీ నడుం దగ్గర ఆ డబ్బీ ఏంటమ్మా?” అంది వంటమనిషి.

“నశ్యం. అది వేరు” అన్నాను.

గది గదంతా పకపకా నవ్వింది. మొదటి రోజు అక్కడ ప్రతి ఒక్కతీ ‘నాది వేరు’ అనే అందట. ఆ మంటకి డబ్బీ కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను, వెండిది కదా అని ఆగాను. ఇప్పుడు దాన్నిండా గుండుసూదులు. నశ్యం మానడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాయను.

ఏడో నెలలో ఒక్కనిమిషం ఒకసారి జారింది. మాత్రకి రెండ్రోజులు వెళ్ళలేదు, ఒక సీసా కొనుక్కుంది. బుధవారం గదిలో తలొంచుకుని తనే చెప్పింది. నేను తిట్టడానికి నోరు తెరిచాను. వంటమనిషి నా తొడ గట్టిగా గిల్లింది. “మళ్ళీ వచ్చావుగా, కూర్చో” అంది దానితో. ఆ గిల్లుడు మచ్చ వారం ఉంది. ఒక్కనిమిషం మాత్రం ఆ తర్వాత ఒక్క రోజు తప్పలేదు.

ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత. తల్లి వేసుకున్న మాత్ర వల్ల కొన్నాళ్ళు వణుకు, తుమ్ములు ఉండొచ్చని, అవి తగ్గాకే ఇంటికి పంపుతామని నర్సు ముందే చెప్పింది. తల్లి పిల్లని గుండెకి హత్తుకుని పాలివ్వాలి, గదిలో వెలుతురూ గోలా ఉండకూడదు. తుమ్ములు లెక్క రాసే పని నాకిచ్చారు. లాండ్రీ చీటీ వెనక తుమ్ముకో గీత. మొదటి రోజు ఇరవై రెండు గీతలు.

“ఇది పెద్దమ్మ పోలిక, కడుపులోనే నశ్యం పట్టినట్టుంది” అన్నాడు వ్యాను డ్రైవరు.

“మెల్లగా! గోల చేస్తే బయటికి పంపుతాను” అన్నాను. నా గొంతే పెద్దదని నర్సు నన్ను పంపేసింది.

ఆరో రోజుకి తొమ్మిది గీతలు. తొమ్మిదో రోజుకి నాలుగు. పన్నెండో రోజు సాయంత్రం డాక్టరుగారు చూసి వెళ్ళాలో ఉండాలో చెప్తారన్నారు. పొద్దుట్నుంచీ ముగ్గురం ఆ చిన్న ముక్కునే చూస్తూ కూర్చున్నాం. నాలుగింటికి పిల్ల మొహం చిట్లించింది. అందరం ఊపిరి బిగబట్టాం.

“ఒక్క నిమిషం” అంది తల్లి, చెయ్యెత్తి.

పిల్ల చక్కగా ఆవలించి నిద్రపోయింది.

నర్సు నా చీటీ తీసుకుని చూసింది. “ఒక గీతుందే?”

“అది నేను తుమ్మింది” అన్నాను. “అలవాటుగా చెయ్యి గీసేసింది. కొట్టేస్తే లెక్క తప్పు రాసినట్టవుతుందని ఉంచాను.”

నర్సు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. డాక్టరుగారు ఆ గీత కిందే సంతకం పెట్టారు. వ్యానులో ఈసారి మురికి మూటల్లేవు. ఒక్కనిమిషం బల్ల మీద నేనే ఇస్త్రీ చేసి తెచ్చిన తెల్ల దుప్పటి అందులో పరిచాను. అది దాన్ని చేత్తో తడిమి, “మడత సరిగ్గా రాలేదు పెద్దమ్మా” అంది.